రిక్వెస్ట్ గుర్తింపు లేని లాగ్: విమర్శనాత్మక పరిశీలన

పరిచయం

క్లౌడ్‌లో నడిచే వెబ్ సేవలు తమ పనిని లాగ్‌లలో నమోదు చేస్తాయని మీకు తెలుసు. ఆ లాగ్‌లు ఎంత ఉపయోగపడుతున్నాయో ఈ భాగంలో పరిశీలిద్దాం. మన కొలమానం ఒక్కటే: ఒక వ్యక్తి వచ్చి "నా పని ఎందుకు కాలేదు?" అని అడిగితే లాగ్ సమాధానం చెప్పగలదా?

గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తి రైతులకు ఈ ప్రశ్న ముఖ్యమైనది. 2025-26 సీజన్ నుంచి కాటన్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియాకు పత్తి అమ్మాలంటే కపాస్ కిసాన్ యాప్‌లో నమోదై, స్లాట్ తీసుకోవాలి. ఆ ఏడాది పొడవు పింజ పత్తి మద్దతు ధర క్వింటాలుకు 8,110 రూపాయలు. తేమ 12 శాతం దాటితే కొనరు. స్లాట్ చేజారితే పత్తి ఇంట్లోనే ఉంటుంది. ఈలోగా వాన పడితే తేమ పెరుగుతుంది. ఆగలేని రైతు ప్రైవేటు వ్యాపారి చెప్పిన రేటుకు అమ్ముకుంటాడు.

కింది ఉదాహరణ ఆ యాప్‌ది కాదు. అలాంటి సేవను మీరే తయారుచేశారని అనుకోండి.

సమయం ఎందుకు చాలదు?

ఉదయం 10:15కు ప్రత్తిపాడు రైతు ఒకరు, ఒంగోలు ప్రాంత రైతు ఒకరు ఒకేసారి బటన్ నొక్కారు. మీ సర్వర్ ఇలా రాసింది:

04:45:02 బుకింగ్ మొదలైంది
04:45:02 బుకింగ్ మొదలైంది
04:45:03 డేటాబేస్ స్పందించలేదు
04:45:03 స్లాట్ ఖరారైంది

ముందుగా సమయాన్ని గమనించండి. క్లౌడ్ సర్వర్లు సాధారణంగా యూటీసీ సమయం రాస్తాయి. మన గడియారం దానికంటే 5 గంటల 30 నిమిషాలు ముందుంటుంది. రైతు "పదింబావుకు నొక్కాను" అంటే మీరు 04:45 దగ్గర వెతకాలి. ఇది చిన్న చిక్కు. పెద్ద చిక్కు వేరే ఉంది. నాలుగు వరుసలూ నిజమే చెబుతున్నాయి, కానీ స్లాట్ ఎవరికి దక్కిందో, ఎవరికి దక్కలేదో ఒక్క వరుసా చెప్పడం లేదు. రద్దీ పెరిగినప్పుడు క్లౌడ్ మరిన్ని సర్వర్లను తెరుస్తుంది. అప్పుడు వేలాది వరుసలు ఇలాగే కలిసిపోతాయి.

గుంటూరు మిర్చి యార్డును తలచుకోండి. సీజన్లో రోజుకు లక్షకు పైగా టిక్కీలు వస్తాయి. కాటా వేసినవాడు బరువు, సమయం మాత్రమే రాసి, సరుకు ఎవరిదో రాయకపోతే సాయంత్రం డబ్బు ఎవరికివ్వాలి? సమయాన్ని మాత్రమే నమ్ముకున్న లాగ్ అలాంటి కాటా పుస్తకమే.

ప్లాట్‌ఫారం వదిలేసిన పని

ఈ లోపానికి ప్రోగ్రామర్‌ను మాత్రమే తప్పుపట్టలేం. గూగుల్ యాప్ ఇంజిన్ మొదటి తరంలో, ఒక రిక్వెస్ట్ నడుస్తుండగా ప్రోగ్రామ్ రాసిన వరుసలన్నీ ఆ రిక్వెస్ట్ కిందే గుంపుగా కనిపించేవి. ప్రోగ్రామర్ ప్రత్యేకంగా ఏమీ చేయనక్కరలేదు. 2018లో మొదలైన రెండో తరంలో ఆ సౌకర్యం దానంతటది రాదు. రిక్వెస్ట్‌తో వచ్చిన ట్రేస్ సంఖ్యను హెడర్ నుంచి తీసి, ప్రతి వరుసలో నిర్ణీత గడిలో మనమే పెట్టాలి.

ఈ మార్పుతో ప్రోగ్రామర్‌కు స్వేచ్ఛ పెరిగింది. మామూలు లైబ్రరీలతో రాసిన ప్రోగ్రామ్‌ను మరో సంస్థ క్లౌడ్‌కు తరలించడం తేలికైంది. కానీ తెలియనివారికి కూడా దొరికే రక్షణ, తెలిసినవారికే దొరికేదిగా మారింది. నేర్చుకుంటున్నవారికి ఇది నష్టమే.

వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్టియం 2020లో ఆమోదించిన ట్రేస్ కాంటెక్స్ట్ ప్రమాణం ఒక ఉమ్మడి దారి చూపింది. 'ట్రేస్‌పేరెంట్' అనే హెడర్‌లో 32 హెక్సాడెసిమల్ అంకెల సంఖ్య ఒక సర్వర్ నుంచి మరో సర్వర్‌కు రిక్వెస్ట్‌తోపాటే వెళుతుంది. అయితే ప్రమాణం సంఖ్యను మోసుకెళ్లే పద్ధతిని మాత్రమే చెబుతుంది. లాగ్‌లో దాన్ని రాసే పని మీదే.

సంఖ్య ఎక్కడ తప్పిపోతుంది?

సాధారణంగా రెండు చోట్ల. ఒకటి, ప్రోగ్రామ్ లోపల: ఒకే సర్వర్ అనేక రిక్వెస్ట్‌లను కలిపి నడుపుతున్నప్పుడు సంఖ్యను గ్లోబల్ వేరియబుల్‌లో ఉంచితే ఒకరి సంఖ్య మరొకరి వరుసలో పడుతుంది. సంఖ్య లేకపోవడం కంటే తప్పు సంఖ్య ఉండటం ప్రమాదకరం. జావాలో ఎం.డి.సి., పైథాన్‌లో కాంటెక్స్ట్‌వార్స్ ఇందుకోసమే ఉన్నాయి. రెండోది, జవాబు ఇచ్చాక మిగిలిన పని: స్లాట్ ఖరారైన ఎస్.ఎం.ఎస్. పంపే పనిని క్యూలో వేసినప్పుడు, సంఖ్యనూ దానితో వేయకపోతే జాడ అక్కడే తెగిపోతుంది.

నమూనాల పద్ధతికి ఉన్న పరిమితి

2010లో గూగుల్ ప్రచురించిన డాపర్ పరిశోధన పత్రం ఈ రంగానికి దారి చూపింది. అయితే డాపర్ తొలి రూపం సగటున 1,024 రిక్వెస్ట్‌లలో ఒకదాని జాడనే దాచింది. వ్యవస్థ ఎక్కడ నెమ్మదిస్తోందో తెలుసుకోవడానికి అది చాలు. ఒక రైతు ఫిర్యాదుకు అది సరిపోదు. మిగిలిన 1,023 మందిలో ఆయన ఉంటే మన దగ్గర సమాధానం ఉండదు. కనుక ట్రేస్‌లను నమూనాగా తీసుకున్నా, బుకింగ్ వంటి ముఖ్యమైన పనుల లాగ్ వరుసలన్నింటినీ సంఖ్యతో సహా భద్రపరచాలి.

అలాగని ఆధార్ సంఖ్యనో ఫోన్ నంబరునో గుర్తింపుగా వాడకూడదు. లాగ్‌లను చాలామంది చూస్తారు. పైగా ఒకే రైతు మూడుసార్లు ప్రయత్నిస్తే ఏ ప్రయత్నం విఫలమైందో ఆ నంబరు చెప్పలేదు. ప్రతి రిక్వెస్ట్‌కూ కొత్త, అర్థంలేని సంఖ్యే సరైనది.

ముగింపు

గుర్తింపు సంఖ్య సర్వర్‌లోనే ఆగిపోతే సగం పనే అయినట్లు. బుకింగ్ విఫలమైన తెరపై "మళ్లీ ప్రయత్నించండి" అన్న మాటతోపాటు ఆ సంఖ్యనూ చూపించండి. దాన్ని చీటీ మీద రాసుకుని వచ్చిన రైతుకు, ఏ క్షణంలో ఏ కారణంగా పని ఆగిందో చెప్పగలిగితేనే మీ లాగ్ తన బాధ్యత నెరవేర్చినట్లు.

మీ అవగాహనను పరీక్షించుకోండి

1. పై నాలుగు వరుసల లాగ్‌ను, ఏ రైతుకు స్లాట్ దక్కిందో తెలిసేలా తిరిగి రాయండి.
2. ఫోన్ నంబరును రిక్వెస్ట్ గుర్తింపుగా వాడితే వచ్చే రెండు ఇబ్బందులను వివరించండి.