రేపు రమ్మని రాసిన తలుపులు

1990ల్లో తెలంగాణ పల్లెల్లో చాలా ఇళ్ల తలుపుల మీద 'ఓ స్త్రీ రేపు రా' అని రాసి ఉండేది. కొందరు బొగ్గుతో రాసేవాళ్లు, కొందరు సుద్దతో. రాత్రిపూట ఒక ఆడదయ్యం వచ్చి, మనకు బాగా తెలిసినవాళ్ల గొంతుతో పిలుస్తుందని, పలికితే ప్రాణం పోతుందని చెప్పుకునేవాళ్లు. తలుపు మీద రాత చదివి అది వెనక్కి పోతుంది. మర్నాడు వస్తే మళ్లీ అదే రాత. బెంగళూరులో ఇదే కథకు 'నాళె బా' అని రాసుకున్నారు. తిరుపతి, చిత్తూరుల నుంచి వెళ్లిన రాజ్, డీకేలు దీన్నే హిందీకి పట్టుకెళ్లారు. వాళ్లు కథ రాసిన 'స్త్రీ' సినిమా 2018లో వచ్చింది. జనగామ, మానుకోట, భూపాలపల్లి వైపు నలభై దాటినవాళ్లకు మాత్రం ఇది సినిమా కన్నా ముందే తెలిసిన సంగతి.

జపాన్‌లో 1979లో దాదాపు ఇలాంటి కథే దేశమంతా తిరిగింది. పేరు కుచిసాకె ఒన్నా. నోరు చెవుల దాకా చీలిన ఆడమనిషి, ముఖానికి మాస్కు కట్టుకుని బడి పిల్లల్ని ఆపి 'నేను అందంగా ఉన్నానా' అని అడుగుతుందట. అవునన్నా ముప్పే, కాదన్నా ముప్పే. 'ఏదో పర్వాలేదు' అంటే మాత్రం ఆమె ఆలోచనలో పడుతుంది, ఆ సందులో పారిపోవచ్చు. గిఫు ప్రాంతంలో పుట్టిందని చెప్పే ఈ పుకారు కొన్ని నెలల్లోనే దేశాన్ని చుట్టేసింది. కొన్ని ఊళ్లలో పిల్లల్ని గుంపులుగా ఇళ్లకు పంపారు.

ఈ రెండు కథల్లోనూ దయ్యం కంటే తప్పించుకునే ఉపాయమే నాకు ముఖ్యంగా కనిపిస్తుంది. పేరులేని దిగులుకు పుకారు ఒక రూపం ఇస్తుంది. రూపం ఇచ్చాక, దాన్ని రేపటికి వాయిదా వేసే మార్గం కూడా తానే చూపిస్తుంది. అందుకే జనం దాన్ని వదులుకోరు. ఈ గుట్టును నేను చూసినంతలో అందరికంటే లోతుగా పట్టుకున్నది ఒక జపాన్ యానిమేషన్ సీరియల్.

దాని పేరు 'పారనోయా ఏజెంట్'. 2004లో వావావ్ చానెల్‌లో 13 భాగాలుగా వచ్చింది. తీసింది మ్యాడ్‌హౌస్ స్టూడియో, దర్శకుడు సతోషి కోన్. 1963లో పుట్టిన కోన్, చీలిన నోటి ఆడమనిషి పుకారు నాటికి హొక్కైడోలో చదువుకుంటున్న పదిహేనేళ్ల కుర్రాడు. 'పర్ఫెక్ట్ బ్లూ', 'మిలీనియం యాక్ట్రెస్', 'టోక్యో గాడ్‌ఫాదర్స్' తర్వాత, ఆ సినిమాల్లో ఇమడని ఆలోచనలన్నీ కూర్చి ఈ సీరియల్ చేశాడు. 2010లో, 46 ఏళ్లకే క్యాన్సర్‌తో పోయాడు.

కథ మరోమి అనే గులాబీ రంగు కుక్కపిల్ల బొమ్మతో మొదలవుతుంది. దేశమంతా మురిసిపోతున్న ఆ బొమ్మను గీసింది సాగి త్సుకికో. అంతటి బొమ్మ ఇంకొకటి గీయమని కంపెనీ వెంటపడుతుంది. చేతిలో ఏమీ లేదు, గడువు దగ్గరపడింది. ఆ రాత్రి బంగారు రంగు స్కేట్లు తొడుక్కున్న ఒక కుర్రాడు వంగిపోయిన బంగారు బ్యాట్‌తో ఆమెను కొట్టి మాయమవుతాడు. పత్రికలు, టీవీలు వాడికి షోనెన్ బాట్ అని పేరు పెడతాయి. తర్వాత ఒక్కొక్కరిగా దెబ్బలు తింటారు: అప్పులపాలైన విలేకరి, బడిలో పేరు పోగొట్టుకున్న కుర్రాడు, ఇద్దరు మనుషులుగా చీలిపోయిన ట్యూషన్ టీచరు, లంచాలకు మరిగిన పోలీసు. అందరూ ఊపిరాడని మూలకు చేరినవాళ్లే. దెబ్బ తగిలాక వాళ్ల ముఖాల్లో కనిపించేది ఊరట. ఇక వాళ్లను ఎవరూ సంజాయిషీ అడగరు. తలుపు మీది రాత చేసే పనినే ఇక్కడ బ్యాట్ చేస్తుంది.

కోన్ దీన్ని ఎలా చూపిస్తాడన్నదే అసలు విద్య. మొదటి భాగం మొదలయ్యేదే ఫోన్లతో. రైళ్లలో, రోడ్ల మీద జనం ఎవరికో సాకులు చెబుతుంటారు, రావడం కుదరదని, తప్పు తమది కాదని. దయ్యం ఇంకా తెర మీదికి రాకముందే దానికి కావలసిన మేత కళ్లముందు పరిచేశాడు. సుసుము హిరసావా సంగీతంతో నడిచే ప్రారంభ గీతంలో ఇంకో చిత్రం: ఎత్తైన భవనాల మీద, నీళ్లడుగున, పేలుడు మేఘం ముందు నిలబడి పాత్రలన్నీ పగలబడి నవ్వుతుంటాయి. ఆ నవ్వుకు కారణం తర్వాతి భాగాలు చూస్తేగానీ అర్థం కాదు.

ఆయన కూర్పు ఇంకా గొప్పది. ఒక మనిషి చెయ్యి ఎత్తితే, ఆ కదలిక పూర్తయ్యేది మరో చోట, మరో కాలంలో. నిజం ఎక్కడ ఆగి ఊహ ఎక్కడ మొదలైందో చెప్పే గీత ఉండదు. కొత్తవాళ్లు ఇక్కడ తికమకపడతారు. కానీ ఒగ్గు కథ విన్నవాళ్లకు ఇది అంత కొత్త కాదని నా నమ్మకం. జనగామ జిల్లా మాణిక్యపురం నుంచి వచ్చిన చుక్క సత్తయ్య లాంటి కథకుడు వేషం మార్చకుండానే, గొంతు తిప్పి నడక మార్చి, నిలబడ్డచోటే ఇంకో మనిషి అయిపోయేవాడు. వినేవాళ్లు తడబడకుండా వెంట నడిచేవాళ్లు. కోన్ సీరియల్ అడిగేదీ ఆ ఓపికనే.

పుకారు ఎలా పెరుగుతుందో తొమ్మిదో భాగం చూపిస్తుంది. అపార్ట్‌మెంటు కింద కొందరు ఇల్లాళ్లు చేరి షోనెన్ బాట్ గురించి తలా ఒక కథ చెబుతారు. ప్రతి కథా ముందుదానికంటే ఒక మెట్టు పైన ఉండాలి. కొత్తగా చేరిన ఒకామె కూడా చెప్పబోతుంది, కానీ అది నమ్మేట్టు లేదని మిగతావాళ్లు కొట్టిపారేస్తారు. ఇంటికి వెళ్తే ఆమె భర్తే దెబ్బలు తిని పడి ఉంటాడు. ఆమె ముందు అంబులెన్సును పిలవదు, ఎలా జరిగిందో వివరంగా చెప్పమని ఆత్రంగా అడుగుతుంది. నలుగురిలో మాట చెల్లాలన్న ఆరాటం మనిషిని ఎంత దూరం తీసుకెళ్తుందో ఇంతకంటే సూటిగా చూపిన సన్నివేశం నేను చూడలేదు.

ఆ ఇల్లాళ్ల ముచ్చట మన వాట్సాప్ గ్రూపుల్లో 2018 మే నెలలో నడిచింది. పిల్లల్ని ఎత్తుకెళ్లే ముఠాలు దిగాయని, కిడ్నీలు కోస్తున్నాయని ఫొటోలు, వీడియోలు, గొంతు రికార్డింగులు. పల్లెల్లో మగవాళ్లు కర్రలు పట్టుకుని రాత్రంతా కాపలా కాశారు. జనగామ పక్కనే ఉన్న యాదాద్రి భువనగిరి జిల్లాలో, హైదరాబాద్ పాతబస్తీలో గుంపులు అమాయకుల్ని కొట్టి చంపాయి. పైరు, అప్పు, పిల్లల భవిష్యత్తు గురించిన దిగులుకు ఆ రాత్రుల్లో ఒక ముఖం దొరికింది. అది ఊరికి కొత్తగా వచ్చిన మనిషి ముఖం. తలుపు మీది రాత ఎవరికీ హాని చేయలేదు. ఈ పుకారు చేసింది.

సీరియల్‌లో షోనెన్ బాట్‌ను ఎదిరించి నిలిచేది పోలీసులు కాదు. ఇకారి అనే డిటెక్టివ్ భార్య మిసాయె. జబ్బుతో బాధపడుతున్న మనిషి, చావు కోరుకున్న మనిషి. తనను విడిపించడానికి వచ్చిన కుర్రాడి ముందు ఆమె తన జీవితమంతా చెప్పుకొస్తుంది. జబ్బు, భర్త మీద ప్రేమ, పడ్డ కష్టం, ఏదీ దాచదు. ఈ బాధ నాదే, నీ విడుదల నాకొద్దని తిప్పి పంపుతుంది. దాదాపు ఒక భాగమంతా మాటలే. అయినా పదమూడింటిలో నన్ను ఎక్కువగా కదిలించింది అదే. చివర త్సుకికో కూడా అక్కడికే వస్తుంది. చిన్నప్పుడు తన చేతిలోంచి తాడు జారి, పెంపుడు కుక్కపిల్ల చనిపోయింది. నాన్న తిడతాడన్న భయంతో, ఎవడో కుర్రాడు కొట్టాడని అబద్ధం చెప్పింది. షోనెన్ బాట్, చివరికి నగరాన్ని మింగిన చీకటి పుట్టింది ఆ చిన్న అబద్ధంలోనే. కుక్కపిల్లను పట్టుకుని ఆమె క్షమించమని అడిగాకే ఆ చీకటి ఆగుతుంది.

2018లో వాట్సాప్ ఒక సందేశాన్ని భారతదేశంలో ఐదు చాట్లకు మించి ఒకేసారి ఫార్వర్డ్ చేయకుండా కట్టడి పెట్టింది. అది వేగాన్ని తగ్గించే పని. గద్వాల జిల్లా ఎస్పీగా ఉన్న రెమా రాజేశ్వరి మరో దారి పట్టారు. పోలీసులను ఊళ్లకు పంపి డప్పు కొట్టించి, పాటలు పాడించి, జనంతో కూర్చుని మాట్లాడించారు. మిసాయె ఒంటరిగా చేసిన పనిని ఆ ఊళ్లు అందరూ కలిసి చేశాయని నేననుకుంటాను. జనగామలో ఒగ్గు, చిందు కళాకారులు ఇంకా ఉన్నారు. చిందు యక్షగాన కళాకారుడు గడ్డం సమ్మయ్యకు 2024లో పద్మశ్రీ కూడా వచ్చింది. ఇలాంటి పుకారు మళ్లీ లేచినప్పుడు మొదటి ఫోన్ వాళ్లకు వెళ్లాలి.