అట్టముక్క మీద అంతస్తులు

మంచి వాలెంటైన్ కార్డును బల్లమీద పెట్టి, తల బల్ల మట్టానికి దించి పక్కనుంచి చూడాలి. దానికెన్ని అంతస్తులున్నాయో అప్పుడు తెలుస్తుంది. అడుగున దళసరి అట్ట, దానిమీద నిగనిగలాడే రంగు కాగితం బిళ్ళ, ఆపైన సన్నటి చిల్లుల తెల్ల కాగితపు లేసు. ఆ లేసును పైకెత్తి నిలబెట్టడానికి మధ్యలో మడతలు పెట్టిన బుల్లి కాగితపు స్ప్రింగులు. కవిత పైన ఎక్కడా కనబడదు. లోపల చిన్న చీటీ మీద ఉంటుంది. తెరిచినవాళ్ళకే దక్కుతుంది.

ఈ కట్టడానికి మేస్త్రి ఎస్తర్ హౌలాండ్. ఆవిడది అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రపు వూస్టర్. 1847లో మౌంట్ హోల్యోక్ సెమినరీలో చదువు ముగించి ఇంటికొచ్చాక ఇంగ్లండు కార్డు ఒకటి ఆవిడ చేతికొచ్చింది. ఇంతకంటే బాగా తనే చెయ్యగలననుకుందట. తండ్రికి స్టేషనరీ వ్యాపారం ఉండేది. లేసు కాగితాలు ఇంగ్లండు నుంచి తెప్పించుకుని నమూనాలు చేసింది. సరుకు అమ్ముతూ ఊళ్ళు తిరిగే సోదరుడు వాటినీ వెంట పట్టుకెళ్ళాడు. 200 డాలర్ల ఆర్డర్లొస్తే చాలనుకుంటే 5,000 దాటాయని చెబుతారు. ఇక ఇంటి మూడో అంతస్తులో స్నేహితురాళ్ళను కూర్చోబెట్టి పని పంచింది. ఒకరు బొమ్మలు కత్తిరిస్తారు, ఒకరు అడుగు కాగితం పరుస్తారు, మరొకరు అతికిస్తారు. నమూనా మాత్రం ఆవిడదే. ఇలాగే పని పంచే కదిలే లైను ఫోర్డ్ కార్ల కర్మాగారంలో వచ్చింది 1913లో. కార్ల సంగతి అందరూ చెప్పుకుంటారు, కార్డుల సంగతి ఎవరికీ పట్టదు!

ఇంకో తమాషా. ఆవిడ చదివిన ఆ సెమినరీలోనే, 1848 ఫిబ్రవరిలో, ప్రిన్సిపాల్ మేరీ లయన్ లేచి ఈ వాలెంటైన్లు పంపడానికి వీల్లేదని విద్యార్థినులకు తేల్చి చెప్పింది. అప్పుడక్కడ చదువుతున్న కవయిత్రి ఎమిలీ డికిన్సన్ ఆ సంగతి అన్న ఆస్టిన్‌కి ఉత్తరంలో రాసింది.

వెనకటి చరిత్ర రెండు ముక్కల్లో చెప్పేస్తాను. 1797లో లండన్‌లో జాన్ ఫెయిర్‌బర్న్ అచ్చువేయించిన కార్డు యార్క్ కాజిల్ మ్యూజియంలో ఉంది. బొమ్మ అచ్చుదైనా రంగులు చేత్తో వేసినవే. 1834లో డాబ్స్ కంపెనీ పనివాడు జోసెఫ్ అడెన్‌బ్రూక్ ఉబ్బెత్తు అచ్చు పడ్డ కాగితం మీద ఆకురాయి ఆడిస్తే గడ్డలు అరిగి చిల్లులు తేలాయట, కాగితపు లేసు అలా పుట్టిందట. 1840లో బ్రిటన్‌లో ఒక్క పెన్నీకే ఉత్తరం చేరవేసే పెన్నీ తపాలా వచ్చింది. ఆ తర్వాత కార్డులకు అడ్డేముంది?

నాకు మోజు మాత్రం పనితనం మీదే. స్టెన్సిల్‌నే తీసుకోండి. 19వ శతాబ్దపు అమెరికాలో ఆడపిల్లలకు ‘థీరమ్’ చిత్రలేఖనం నేర్పేవారు, వెల్వెట్ మీదా కాగితం మీదా స్టెన్సిళ్ళతో పూలూ పళ్ళూ వేయడం. ఒక గులాబీకి ఒక స్టెన్సిల్ సరిపోదు. ఆనుకుని ఉన్న రెండు రేకులను ఒకే షీటులో కోస్తే మధ్య గీత మాయమై ముద్దలా తయారవుతుంది. అందుకని రేకు విడిచి రేకు, మూడు నాలుగు షీట్లకు పంచి కోస్తారు. మనకు పాత ఎక్స్‌రే ఫిల్ము, పదునైన బ్లేడు ఉంటే చాలు. తెలుగులో పేరు కోసేవాళ్ళు సున్నా దగ్గర జాగ్రత్తపడాలి. చుట్టూ కోసేస్తే నడిమి బిళ్ళ ఊడి చేతిలోకొస్తుంది. రెండు చోట్ల సన్నటి కాడలు వదిలిపెట్టాలి. ఇక రంగు. బ్రష్షుకు కాస్త ముట్టించి, గుడ్డ మీద దాదాపు అంతా తుడిచేసి, బ్రష్షును నిటారుగా పట్టుకుని అంచు నుంచి లోపలికి పొడుచుకుంటూ రావాలి. చెమ్మ ఎక్కువైతే రంగు షీటు కిందికి పాకి అంచు పాడవుతుంది. చెయ్యి తిరిగినవాళ్ళు వేసిన రేకు అంచున చిక్కగా మొదలై నడిమికి వచ్చేసరికి ఊదితే పోయేంత పలచబడుతుంది. ఆహా అనకుండా ఉండలేం!

ముద్రకు అంత తతంగం లేదు. పెన్సిలు రబ్బరు మీద చెక్కుకోవచ్చు, పిల్లలైతే బెండకాయ అడ్డంగా కోసి పువ్వు అద్దుతారు. అక్షరాలు తిరగేసి చెక్కాలన్నది మరిచిపోకూడదు. అద్దేటప్పుడు తిన్నగా నొక్కి తిన్నగా ఎత్తాలి. అటూ ఇటూ ఊపితే అంచులకంటిన సిరా కూడా పడుతుంది.

మెరుపుల దగ్గరే ఓపికకు పరీక్ష. ముందు అట్టను టాల్కం పౌడరుతో ఒకసారి తుడవాలి, అక్కర్లేని చోట మెరుపు అంటుకోదు. సన్నటి బ్రష్షుతో జిగురు గీత గీసి, మెరుపు పొడి చల్లి, అట్టను మడత కాగితం మీదికి వంచి వెనకనుంచి గోటితో టక్‌మని కొట్టాలి. మిగిలిన పొడి మడత వెంబడి మళ్ళీ సీసాలోకి. పాతకాలపు మెరుపు అంటే అద్దాల పొడి, అభ్రకం. మన నెల్లూరు ప్రాంతపు గూడూరు గనుల్లో తవ్వి తీసినదీ ఆ అభ్రకమే, పెద్దవాళ్ళు కాకిబంగారం అనేది. దాని మెరుపులో ఒక మెత్తదనం ఉంది. ప్లాస్టిక్ గ్లిట్టర్ కళ్ళలో పొడిచినట్టుంటుంది. పైగా అది నీళ్ళలో కలిసినా కరిగిపోదు. 2023 అక్టోబరులో యూరోపియన్ యూనియన్ విడి ప్లాస్టిక్ గ్లిట్టర్ అమ్మకం ఆపించింది. మన బజార్లలో మాత్రం డబ్బాలు డబ్బాలుగా దొరుకుతోంది.

చేతిపని కార్డుకు అసలు దెబ్బ మాత్రం ఎప్పుడో తగిలింది. 1881లో హౌలాండ్ వ్యాపారాన్ని జార్జ్ విట్నీ కొన్నాడు. యంత్రాలు పెట్టి లేసూ అచ్చులూ తనే చేయించాడు, కార్డు చవకైంది, అంతస్తులు కూలిపోయాయి. విట్నీ అభిమానులు నా మీద కోప్పడితే కోప్పడనీండి, ఆయన అమ్మింది కాగితం. ఆ కంపెనీ కూడా 1942లో యుద్ధకాలపు కాగితం కరువుతో మూతపడింది. ఇప్పుడైతే మరీ అన్యాయం! బ్రష్షు గీతలు కూడా కంప్యూటర్లో గీసి, అచ్చు కొట్టి, మెరుపు చుక్కలు యంత్రంతో చల్లి, పైన ‘హ్యాండ్‌మేడ్’ అని రాసి అమ్ముతున్నారు. వేలితో తడిమి చూడండి, ఎక్కడా ఎత్తుపల్లాల్లేవు. చెయ్యి తగలని దానికి చేతి పేరు పెట్టడం దొంగతనం కాదా? వాట్సాప్‌లో ఒకే గుండె బొమ్మ నలుగురికి పంపేవాళ్ళ గురించి నేను మాట్లాడను.

చేత్తో పని ఇంకా బతికున్న చోట్లు లేకపోలేదు. కొలరాడోలోని లవ్‌లాండ్‌లో 1947 నుంచీ, ఊరి పేరు చూసి దేశదేశాల వాళ్ళు పంపే వాలెంటైన్లకు వాలంటీర్లు బల్లల ముందు కూర్చుని చేత్తో ముద్ర కొట్టి తిరిగి తపాలాలో వేస్తున్నారు. మన దగ్గరా ముగ్గు పెట్టే వేళ్ళున్నాయి, పెడనలో చెక్క అచ్చులు అద్దే చేతులున్నాయి. బళ్ళలో క్రాఫ్టు పీరియడును లెక్కల మాస్టారికి అప్పగించడం మానితే సగం పని అవుతుంది. ప్రేమికుల రోజంటే గిట్టనివాళ్ళు అమ్మకో అమ్మమ్మకో చెయ్యండి, స్టెన్సిల్‌కి ఆ పట్టింపు లేదు. రెడీమేడ్ కిట్లు మాత్రం కొనకండి, వాటిలో కొయ్యడానికీ చెక్కడానికీ ఏమీ మిగల్చరు. మొదటిసారి చేసేవాళ్ళు పదమూడో తారీఖు రాత్రి మొదలుపెట్టకండి. మూడు పొరల జిగురు ఆరాలంటే ఒక్కో పొరకు ఒక్కో రాత్రి కావాలి.