ఏం పని జేస్తవ్ తమ్మీ?

ఎమ్మారై గది తలుపు తీసే ముందు ఒక కాగితం నింపిస్తాం. పేస్‌మేకర్ ఉందా, ఒంట్లో రాడ్లు, క్లిప్పులు ఉన్నాయా, ఆపరేషన్లేమైనా అయ్యాయా అని అందులో ప్రశ్నలు. నేను చూసిన ఆ కాగితాలన్నీ ఇంగ్లిషువే. పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం ఫ్యాక్టరీల నుంచి వచ్చే కుర్రాళ్లు సంతకం ఎక్కడ పెట్టాలని మాత్రం అడుగుతారు.

స్కానింగ్ టెక్నీషియన్‌గా చేరిన కొత్తలో ఆ సంతకం చాలనుకున్నాను. ఒక సాయంత్రం, తలనొప్పికి మెదడు స్కాన్ రాయించుకుని జహీరాబాద్ వైపు కుర్రాడొకడు వచ్చాడు. కాగితంలో అన్నిటికీ 'లేదు' అనే ఉంది. గౌను వేసుకుని తలుపు దాకా వచ్చాక, వాడి బెరుకు పోగొడదామని, "ఏం పని జేస్తవ్ తమ్మీ?" అన్నాను. "గ్రైండింగ్ సార్" అన్నాడు. గొళ్లెం మీద నా చెయ్యి ఆగిపోయింది. కంట్లో ఎప్పుడన్నా రజను పడ్డదా అంటే పడ్డదన్నాడు. పక్కన పనిచేసేవాడు తీసేశాడట, తర్వాత నొప్పేమీ లేదట. వెనక్కి తీసుకెళ్లి కళ్లకు ఎక్స్‌రే తీశాం. కుడి కంటి గూట్లో ఆవగింజలో సగం కూడా లేని తెల్లటి చుక్క కనిపించింది. కాగితం ఆపరేషన్ గురించి అడిగింది. తోటివాడు కంట్లో రజను తియ్యడం ఎవరి లెక్కలోనూ ఆపరేషన్ కాదు కదా.

1.5 టెస్లా అయస్కాంతమంటే భూమి అయస్కాంత శక్తికి దాదాపు 30,000 రెట్లు. స్కాన్ నడవకపోయినా, రాత్రి తాళం వేసి ఇంటికి పోయినా అది లాగుతూనే ఉంటుంది. కంట్లో ఇనుప ముక్క ఉన్నట్టు తెలియక ఎమ్మారై తీయించుకున్న ఒక రోగికి ఆ కంటి చూపు పోయిందని 1986లోనే అమెరికాలో వైద్యులు పత్రికకెక్కించారు. ఆ కుర్రాడికి ఎమ్మారై మానేసి సీటీ తీశాం. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

అప్పటినుంచి పని ఏమిటని అడగకుండా ఎవరినీ బల్ల ఎక్కించలేదు. అడిగేకొద్దీ ఆ ప్రశ్న కంటితో ఆగదని తెలిసింది. వెల్డింగ్ రాడ్డులో మాంగనీస్ ఉంటుంది. గాలి ఆడని షెడ్డులో ఏళ్ల తరబడి ఆ పొగ పీలిస్తే మాంగనీస్ మెదడు లోతుల్లో, గ్లోబస్ పాలిడస్ అనే చోట పేరుకుంటుంది. దానికి అయస్కాంత గుణం ఉండటం వల్ల ఎమ్మారైలో టీ1 అనే రకం బొమ్మలో ఆ చోటు రెండు వైపులా తెల్లగా వెలుగుతుంది. పొగకు దూరమైతే కొన్ని నెలల్లో ఆ వెలుగు తగ్గిపోతుంది. చిక్కేమిటంటే, కాలేయం చెడిపోయినవాళ్లకూ అదే చోట అదే వెలుగు. వచ్చినవాడు వెల్డరని స్కాన్ చీటీలో లేకపోతే, రిపోర్టు రాసే డాక్టరు ముందు కాలేయాన్నే అనుమానిస్తారు.

ఛాతీ ఎక్స్‌రేదీ ఇదే కథ. ఫౌండ్రీలో ఇసుక అచ్చులు పగలగొట్టేవాడి ఊపిరితిత్తుల పైభాగంలో చిన్న చిన్న మచ్చలుంటే అది సిలికోసిస్ కావచ్చు, టీబీ కావచ్చు, రెండూ కలిసీ ఉండవచ్చు. సిలికా దుమ్ము పట్టిన ఊపిరితిత్తులకు టీబీ తేలిగ్గా సోకుతుంది. చట్టం ప్రకారం తప్పక తెలపాల్సిన జబ్బుల్లో సిలికోసిస్, మాంగనీస్ విషం రెండూ ఉన్నాయి. అలాంటి రోగి కనిపిస్తే డాక్టరు అధికారులకు రాయాలి. పని సంగతే తెలియని డాక్టరు ఏమని రాస్తారు?

నల్లగొండ వైపు అడగాల్సిన ప్రశ్న వేరు. అక్కడి నీళ్లతో వచ్చే ఫ్లోరోసిస్ గురించి సిద్దిఖీ అనే వైద్యుడు 1955లోనే బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాశారు. ఎక్స్‌రేలో సుద్దలా తెల్లబడి కనిపించే ఆ రోగుల వెన్నెముకను ఏ ఊరు, ఏ బావి నీళ్లని అడగకుండా చూస్తే ఎముకలకు పాకిన క్యాన్సరనుకునే ప్రమాదం ఉంది.

మా ప్రాంతంలో ఇంకోరకం ఎక్స్‌రే కూడా ఉంది. ఒత్తిడి తట్టుకోవాల్సిన పైపుల, ట్యాంకుల అతుకులను ఎక్స్‌రేతోనో ఇరిడియం-192 గామా కిరణాలతోనో ఫిల్ము తీసి చూస్తారు. ఏ అతుకు ఏ వెల్డరు వేశాడో నంబరుతో సహా రికార్డు ఉంటుంది. అదే వెల్డరు దగ్గుతో మా దగ్గరకొస్తే, వాడి ఫిల్ము మీద పేరు, వయసు, తేదీ. అంతే. ఈ తేడా నన్ను చాలా బాధపెడుతుంది.

అందుకే ఇప్పుడు చీటీ పైన నేనే చేత్తో రాసి పంపుతున్నాను. గ్రైండింగ్, నాలుగేళ్లు. వెల్డింగ్, పదకొండేళ్లు. బిహార్, ఒడిశాల నుంచి వచ్చినవాళ్లను నాకొచ్చిన హిందీలో అడుగుతాను. ఎక్కువమంది చెప్పే జవాబు ఒకటే, "హెల్పర్". అక్కడ వదిలిపెట్టను. హెల్పరంటే ఏ మిషన్ కాడ, ఎన్నేండ్లయింది, మూతికి ఏం కట్టుకుంటవ్ అని మళ్లీ అడుగుతాను.