లెక్క ప్రకారం గ్యాస్

2016 జులై 21న కువైట్‌లోని మిత్రిబాలో 53.9 డిగ్రీలు నమోదైంది. అలాంటి ఎండల్లో ఆ దేశంలోని సాల్మియాలో మిద్దెలెక్కి ఏసీలు బాగుచేసే మన రాయచోటి, రాజంపేట మెకానిక్‌లంటే నాకు ఎనలేని గౌరవం. మంచి పనివాడు గేజి తగిలించే ముందే ఏ పుస్తకాన్ని నమ్మాలో తేల్చుకుంటాడు. 4.4 డిగ్రీల దగ్గర ఏసీల్లో వాడే ఆర్-22 గ్యాస్ పీడనం దాదాపు 68 పీఎస్‌ఐ, ఆర్-410ఏకి 118. ఒకదాని పట్టిక ఇంకోదానికి పనికిరాదు. పైగా 410ఏ రెండు వాయువుల మిశ్రమం, ద్రవంగానే ఎక్కించాలి. ఎన్ని గ్రాములు ఎక్కించాలో మాత్రం ఏ పీడన పట్టికా చెప్పదు. యూనిట్ మీది ప్లేటు, ఆ మోడల్ సర్వీస్ మాన్యువల్ చెప్పాలి. ఎక్కువైతే కంప్రెసర్‌కే ముప్పు. ఫోన్లో ఆ మాన్యువల్ తెరిచి, సిలిండర్‌ను తూకం మీద పెట్టి ఎక్కించేవాణ్ణే నేను మేస్త్రీ అంటాను. మిద్దె నుంచి గదికి పైపు పొడవు పెరిగితే అదనంగా ఎంత పోయాలో కూడా అతను అందులోనే చూస్తాడు.