సీటుకీ మీటకీ మధ్య

మన ఆత్మకథల్లో బడి ఉంది, హాస్టలు ఉంది, హాస్టల్లో నీళ్ళచారు ఉంది. నేను చదివినంతలో ల్యాబ్ లేదు. పాలిటెక్నిక్ చదివిన మాల మాదిగ పిల్లలు ఎంతమంది లేరు? ఆ మూడేళ్ళ గురించి మనం ఎందుకు రాయలేదు? మిషన్ల మధ్య కులం ఉండదని మనమూ నమ్మాం. కరెంటుకి కులమేంది అనుకున్నాం. కరెంటుకి లేదు. స్విచ్చు దగ్గర నిలబడ్డవాడికి ఉంది.

తెలుగు మీడియంలో పది పాసై, సీప్ రాసి (ఇప్పుడు పాలిసెట్ అంటున్నారు) ఎలక్ట్రానిక్స్ డిప్లమాలో చేరాను. చదువంతా ఇంగ్లీషు. మొదటి వారమే రెసిస్టరు రంగుల లెక్క చెప్పారు. నలుపుకి సున్నా, గోధుమరంగుకి ఒకటి, అట్లా పోయి పోయి తెలుపుకి తొమ్మిది. వెనకబెంచీలోంచి ఒకడు నా వంక చూసి "ఒరే సున్నా" అన్నాడు. క్లాసు నవ్వింది. మూడేళ్ళూ అదే నా పేరు. ఆ లెక్క ప్రపంచమంతా ఒకటే. నవ్వు మాత్రం మన ఊరిది.

వర్క్‌షాపులో వడ్రంగం, ఫిట్టింగు, రేకుపని నేర్పారు. ఆకురాయితో ఇనపముక్క అరగదీస్తుంటే నాకో అనుమానం వచ్చింది. వడ్రంగి పని ఇంజనీరింగు అయింది. కమ్మరి పనీ అయింది. మా ఇంటి పని ఏమైంది? లందలో సున్నం ఎన్నాళ్ళు, తంగేడు చెక్క ఎన్నాళ్ళు అని మా తాత వేలితో తడిమి చెప్పేవాడు. మా అయ్య డప్పుని మంటకి కాపి, శృతి కుదిరిందో లేదో చెవితో తేల్చేవాడు. ఫ్రీక్వెన్సీ అనే మాట ఆయనకి తెలీదు, అంతే. తోలు కోసం మద్రాసులో 1948లోనే కేంద్ర పరిశోధన సంస్థ పెట్టారు. అంటే తోలు సైన్సే. మా చేతుల్లో ఉన్నంతసేపే అది కంపు.

అసలు సంగతి ల్యాబ్‌లో. ఆరుగురికి ఒక ఆసిలోస్కోపు. మీటలు తిప్పేది ఇద్దరు, ఇంట్లో టేప్‌రికార్డర్లు విప్పి చూసిన పిల్లలు. ఒకడు రీడింగులు చెప్తాడు. మిగతా ముగ్గురం రాసుకుంటాం. ముట్టుకోవద్దని ఎవరూ అనలేదు, అనే అవసరమే పడలేదు. నేను చెయ్యి చాపితే ల్యాబ్ అసిస్టెంటు "పాడైతే కట్టగలవారా?" అనేవాడు. ఆ మాట మీటలు తిప్పేవాళ్ళతో అనలేదు. మూడేళ్ళలో నేను కాగితం మీద గీసిన సైన్‌వేవులకి లెక్కలేదు. నా చేత్తో తెరమీద నిలబెట్టింది ఒక్కటీ లేదు. రికార్డు మాత్రం క్లాసులో నాదే అందంగా ఉండేది. రాత బాగుందని తక్కినవాళ్ళ రికార్డులూ నాచేతే రాయించుకునేవాళ్ళు. మార్కులు వాళ్ళకే ఎక్కువ. వైవాలో నన్నడిగిన మొదటి ప్రశ్న, మీ నాన్న ఏం చేస్తాడు?

ఊళ్ళో పని మాకు, రాత వాళ్ళకి అని కదా ఏర్పాటు. ల్యాబ్‌లో అది తిరగబడింది. పనికి విలువ వచ్చేసరికి పని వాళ్ళ చేతికి పోయింది, రాత మాకు మిగిలింది.

1942లో వైస్రాయి కౌన్సిల్లో లేబర్ మెంబరుగా ఉంటూ అంబేద్కర్ ఇచ్చిన వినతిపత్రంలో, మన పిల్లలకి ఆర్ట్సు, లా చదువులు చాలవని, సైన్సు, టెక్నాలజీ చదువులకి విడిగా స్కాలర్‌షిప్పులు కావాలని అడిగాడు. 1944లో పోస్ట్‌మెట్రిక్ స్కాలర్‌షిప్పు మొదలైంది. నన్ను సీటు దాకా తెచ్చింది అదే. సీటుకీ మీటకీ మధ్య మూడడుగుల దూరం గురించి నేను ఏ జీవోలోనూ చూడలేదు.

నాకు సోల్డరింగు నేర్పింది టౌన్లో టీవీ షాపు సాయిబు. "కాలితే కాలనీరా, అప్పుడే తెలుస్తది" అని ఐరన్ చేతికిచ్చాడు. ముందు జాయింటు కాగాలి, ఆ వేడికి సోల్డరు తీగ కరగాలి. ఐరన్ మీద కరిగించి పూస్తే పైకి అతికినట్టే ఉంటది, లోపల పట్టదు. ఈ సంగతి నా రికార్డులో నా రాతతోనే ఉంది. వేలు కాలాక అర్థమైంది.

ఆఖరేడు సెలవుల్లో ఊళ్ళో ఆసామి ఇంట్లో టీవీ చెడితే కబురొచ్చింది. మావాడు ఇంజనీరని అమ్మ మురిసిపోయింది. డిప్లమా చదివినవాణ్ణి ఇంజనీరనరు, టెక్నీషియనంటారు అని ఆమెకి చెప్పలేదు. నేను పోయేసరికి టీవీని మోసుకొచ్చి అరుగు మీద పెట్టారు. కిటికీలోంచి వైరు లాగారు. స్విచ్చు ఆపినా పిక్చర్‌ట్యూబు దగ్గర వేల వోల్టులు నిలవుంటాయి. వెనక మూత విప్పి, "ముట్టుకోకండి" అన్నాను. మా ఊళ్ళో ఆ మాట ఎప్పుడూ అటునుంచి ఇటే వచ్చేది. ఆసామి రెండడుగులు వెనక్కేశాడు. బాగుచేశాక వాళ్ళే లోపలికి మోసుకుపోయారు. డబ్బులు అరుగు మీద పెట్టారు.

ఇప్పుడు మా మేనల్లుడు అదే డిప్లమా చదువుతున్నాడు. ఆసిలోస్కోపు ముట్టుకున్నావారా అని అడిగాను.

"ఇప్పుడు చాలావరకు కంప్యూటర్లోనే మామా. ముగ్గురికి ఒక కంప్యూటరు."

"మౌసు ఎవరి చేతిలో ఉంటది?"

వాడు నవ్వి, రికార్డు రాసుకోవాలని లేచిపోయాడు.