కార్బన్ చక్రానికి చేతి బిగువు

కార్బన్ రిమ్ము కొనడానికి డబ్బుంటే చాలు. దాన్ని నాలుగు కాలాల పాటు తిరిగే చక్రంగా కట్టడానికి మాత్రం పనితనం తెలిసిన చెయ్యి కావాలి.

ఈ విద్యకు లెక్క చెప్పినవాడు అమెరికన్ ఇంజినీరు జాబ్స్ట్ బ్రాంట్. బరువు పడ్డప్పుడు కింది స్పోకుల బిగువు సడలుతుందనీ, ముందే పెట్టిన బిగువే చక్రాన్ని నిలబెడుతుందనీ 1981 నాటి ‘ది బైసికిల్ వీల్’లో తేల్చిపారేశాడు. స్విట్జర్లాండ్ ఘనాపాఠి గెర్డ్ ష్రానర్ రేసర్లకు చక్రాలు కట్టడమే కాదు, ఆ గుట్టంతా పుస్తకంలో పెట్టి అందరికీ పంచాడు. మ్యూనిక్‌లో ఓబర్‌మాయర్, డీర్ల్ అనే ఇద్దరు స్పోకులతో సహా కార్బన్‌తో చేసిన ‘లైట్‌వెయిట్’ చక్రాలను పెద్ద పెద్ద రేసర్లు సొంత డబ్బుతో కొనుక్కునేవారట! శభాష్. అయినా నా ఓటు స్టీలు స్పోకుకే, దాన్ని రిమ్ముకు బిగించే ఇత్తడి నిపుల్‌కే. స్పోకు తెగితే ఒక్కటి మార్చుకుంటే సరి. అల్యూమినియం నిపుల్ అయితే కార్బన్‌ను ఆనుకుని తడి తగిలిందా, దాన్ని లోలోపలే తుప్పు తినేస్తుంది.

అసలు అందమంతా బిగింపులో ఉంది. కార్బన్ రిమ్ము మహా బిర్రు. ఒక స్పోకు వదులుగా, పక్కది బిగుతుగా ఉన్నా చక్రం కంటికి తిన్నగానే తిరుగుతుంది. మోసం అక్కడే! అందుకే మంచి పనివాడు కంటిని ఒక్కదాన్నే నమ్మడు. టెన్షన్ మీటరు పెడతాడు, స్పోకులను వేలితో మీటుతాడు. ఒక వైపువన్నీ ఒకే శ్రుతిలో పలకాలి. నిపుల్‌ను కావలసిన దానికంటే రవ్వంత ఎక్కువ తిప్పి వెనక్కి తెస్తాడు. లేదంటే స్పోకులో మెలి మిగిలి, రోడ్డెక్కగానే విప్పుకుంటుంది. చివర్లో స్పోకులను జంటలుగా గుప్పిట పట్టి గట్టిగా నొక్కి, సర్దుకున్నాక మళ్లీ కొలుస్తాడు. తయారీదారు పెట్టిన హద్దు, మామూలుగా 120 కిలోల చుట్టుపక్కల, దాటితే నిపుల్ రంధ్రం దగ్గర పగులే.

కట్టాక కూడా కన్నేసి ఉంచాలి. కొత్తలో కొంత దూరం తొక్కగానే బిగువు చూడాలి, రంధ్రాల అంచులు తుడిచి వెంట్రుకంత చీలిక ఉందేమో వెతకాలి. రిమ్ముకు బ్రేకు పడే రకమైతే కార్బన్ కోసం చేసిన ప్యాడ్లే వాడాలి. అల్యూమినియం మీద అరిగిన ప్యాడ్లలో లోహపు రజను దిగబడి రిమ్మును గీరేస్తుంది.

ఇప్పుడేమో ఎవరి అచ్చులోంచి వచ్చిందో తెలియని రిమ్ము, దాని మీద పెద్ద కంపెనీ స్టిక్కరు, మీటరు ముట్టని స్పోకులు! “కార్బన్ కదండీ, చూసుకోనక్కర్లేదు” అన్నాడు నాతో ఒక దుకాణదారు. ఒళ్లు మండిపోయింది. కొండ దిగేటప్పుడు ఆ చక్రం మీద ఉండేది ఒక మనిషి ప్రాణమయ్యా!

మన ఊళ్ల సైకిల్ షాపుల్లో రిమ్ము బెండు తీసే చేతులు ఇంకా ఉన్నాయి. వాళ్లకొక టెన్షన్ మీటరు అందిద్దాం, పనికి తగ్గ కూలీ బేరమాడకుండా ఇద్దాం. ఇక కొనేవాళ్లు రిమ్ము ఎన్ని గ్రాములని అడిగే ముందు, చక్రం ఎవరు కట్టారని అడగండి. చెప్పలేని చోట కొనకండి.