అతుకు దగ్గర పనితనం

ఇంద్రజాలికుడు, తొలినాళ్ల సినిమా దర్శకుడు జార్జ్ మెలియెస్ ప్రస్తావన వస్తే చాలు, ఒక కథ వెంట వస్తుంది. పారిస్ ఓపెరా కూడలిలో షూటింగ్ చేస్తుంటే కెమెరా కాసేపు మొరాయించిందట. తీరా రీలు తెరమీద వేసి చూస్తే గుర్రబ్బండి కాస్తా శవవాహనమైంది, మగవాళ్లు ఆడవాళ్లయ్యారు. కెమెరా ఆపి మనుషుల్ని మార్చే ఉపాయం తనకలా దొరికిందని 1907లో ఆయనే రాసిన ముచ్చట ఇది. గారడీవాడి మాట కనుక కొంత తగ్గించుకుని వినాలి. అంతకుముందే, 1895లో, ఎడిసన్ కంపెనీ స్కాట్లాండ్ రాణి మేరీ స్టువర్ట్ శిరశ్ఛేదం చూపిస్తూ కెమెరా ఆపి నటుడి చోట బొమ్మను పెట్టింది. అయితే మెలియెస్ గొప్పేముంది అంటారేమో. అక్కడ ఉపాయం పని మెడ నరకడం వరకే. మాయనే చూడముచ్చటగా మలిచింది మెలియెస్. ఆ నేర్పు యంత్రం మొరాయిస్తే వచ్చేది కాదు, 1888 నుంచి సొంతంగా నడిపిన ఇంద్రజాల రంగశాలలో అబ్బింది. 1896లో తీసిన మాయమయ్యే మహిళ చిత్రం చూడండి. కుర్చీ వేసే ముందు నేలమీద వార్తాపత్రిక పరుస్తాడు. రంగస్థలం మీదైతే కింద రహస్య తలుపు లేదని నమ్మించడానికి అది కావాలి. సినిమాలో ఆ తలుపుతో పనే లేదు, అయినా పరిచాడు! అనుమానం ఎక్కడ పుడుతుందో ముందే పసిగట్టే అలవాటు అది. ఆమె మాయమయ్యాక కుర్చీలో అస్థిపంజరం ప్రత్యక్షమవడం మాత్రం కెమెరా ఇచ్చిన వరం.

కెమెరా ఆపి మనిషిని మార్చేయడం ఎవరైనా చేయొచ్చు కదా, ఇందులో హస్తలాఘవం ఏముంది అనే ఆక్షేపణ బరువైనదే. కానీ మిగిలిన ప్రింట్లను పరిశోధకులు పరీక్షించినప్పుడు మాయ జరిగే చోటల్లా ఫిల్ముకు అతుకు కనబడింది. అంటే ఆపడంతో పని తీరలేదు. పనికిరాని ఫ్రేములు కోసేసి, ముందు కదలిక వెనక కదలికలో కలిసిపోయేలా అతికించాడు. హస్తలాఘవం పోలేదు, వేదిక మీంచి కత్తెర దగ్గరికి వచ్చింది. కదలని కెమెరాను పట్టుకుని ఇది ఉత్త నాటకమే అని తీసిపారేసేవాళ్లూ ఉన్నారు. కానీ కెమెరా వెంట్రుకవాసి కదిలితే అతుకు బయటపడుతుంది. 1901లో తీసిన రబ్బరు తల చిత్రంలో బల్లమీద తల ఉబ్బిపోతూ ఉంటుంది. అందుకోసం కెమెరాను ముందుకు జరపలేదు. ఒళ్లంతా నల్లబట్ట కప్పుకుని, కుర్చీలో కూర్చుని, వాలుబల్ల మీద తనే కెమెరా వైపు వచ్చాడు. ఆ వాలు లేకపోతే, తల పెద్దదయ్యేకొద్దీ మెడ బల్లమీద ఆనినట్టు కనిపించేది కాదు.